ఆర్గాన్ టార్చ్ తలలో అరిగే భాగాలు: ఎలా చూసుకోవాలి, లోపం ఎలా పట్టుకోవాలి

అనంతపురంలో ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) రెయిలింగులు, గేట్లు, హోటల్ వంటింటి బల్లలు చేసే షాపుల్లో టిగ్ వెల్డింగ్ అంటే అందరికీ ఆర్గాన్ వెల్డింగే. అతుకు నల్లబడితే మొదట అనుమానం సిలిండర్ మీదికి పోతుంది. "గ్యాస్ సరిగా లేదన్నా" అని సప్లయర్‌కు ఫోన్ చేస్తారు. సిలిండర్ మార్చినా నలుపు పోకపోతే మెషిన్‌ను రిపేరుకు పంపుతారు. అది బాగానే ఉందని తిరిగొస్తుంది, అతుకు మళ్లీ నల్లగానే పడుతుంది. ఒప్పుకున్న పని వెనకబడుతుంది, ఇంటి ఓనరు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు.

చాలాసార్లు తప్పు సిలిండర్‌లోనూ ఉండదు, మెషిన్‌లోనూ ఉండదు. టార్చ్ తలలో ఉండే చిన్న భాగాల్లో ఏదో ఒకటి అరిగిపోయి ఉంటుంది. వాటిని చూసుకోవడం, లోపం ఎక్కడుందో వరసగా పట్టుకోవడం ఈ కింద రాస్తున్నాను.

ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక. టార్చ్ చేసే పనులు రెండే. ఒకటి, కరెంటును టంగ్‌స్టన్ (ఆర్క్ వెలిగే రాడ్) మొన దాకా చేర్చడం. రెండు, ఆర్గాన్‌ను కరిగిన లోహం మీదికి నిలకడగా వదలడం. ఏ తేడా వచ్చినా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది: దెబ్బతిన్నది కరెంటు దారా, గ్యాస్ దారా? ఆర్క్ తడబడితే, టార్చ్ వేడెక్కితే, స్పార్క్ అందుకోకపోతే ఎక్కువగా కరెంటు దారి. అతుకులో సూది రంధ్రాలు పడితే, రంగు నల్లబడితే, టంగ్‌స్టన్ మసిబారితే ఎక్కువగా గ్యాస్ దారి.

విప్పే ముందు

మెషిన్ స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్ పీకేయండి. హెచ్‌ఎఫ్ స్టార్ట్ (మొన తాకించకుండా హై ఫ్రీక్వెన్సీ స్పార్క్‌తో ఆర్క్ వెలిగించడం) ఉన్న మెషిన్ అయితే ఇది మరీ ముఖ్యం. టార్చ్ చేతిలో పట్టుకుని టంగ్‌స్టన్ సర్దుతుంటే పొరపాటున ట్రిగ్గర్ నొక్కుకుపోతుంది, షాక్ మోచేతి దాకా పాకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గ్లవ్స్ చెమటకు తడిసి ఉంటాయి కాబట్టి ఇంకా గట్టిగా తగులుతుంది. సిలిండర్ వాల్వ్ మూయండి. టార్చ్ తల చల్లారనివ్వండి. వేడి మీద సిరామిక్ నాజిల్‌ను కటింగ్ ప్లేయర్‌తో తిప్పితే పగులుతుంది, వేళ్లూ కాలుతాయి.

తర్వాత మీ టార్చ్ మోడల్ చూసుకోండి. మన షాపుల్లో ఎక్కువగా కనిపించేవి గాలితో చల్లబడే డబ్ల్యూపీ-17, డబ్ల్యూపీ-26. మొదటిది 150 ఆంప్స్‌కు, రెండోది 200 ఆంప్స్‌కు చేసినవి. నీళ్లతో చల్లబడే డబ్ల్యూపీ-18 కూడా ఇదే కుటుంబం. ఈ మూడింటికీ లోపలి భాగాలు ఒకటే. చిన్న తల ఉండే డబ్ల్యూపీ-9, డబ్ల్యూపీ-20 వేరే జత, వాటి భాగాలు వీటికి పట్టవు. షాపులో "ఆర్గాన్ కొలెట్ (టంగ్‌స్టన్‌ను పట్టుకునే రాగి గొట్టం) ఒకటియ్యన్నా" అంటే ఏది చేతికొస్తే అది ఇస్తారు. మోడల్ చెప్పి అడగండి.

17, 18, 26 మోడళ్లకు ఈ నంబర్లు రాసిపెట్టుకోండి. కొలెట్: 1.6 మి.మీ. టంగ్‌స్టన్ రాడ్‌కు 10ఎన్23, 2.4 మి.మీ.కు 10ఎన్24. కొలెట్ బాడీ: 1.6కు 10ఎన్31, 2.4కు 10ఎన్32. పొడుగు బ్యాక్ క్యాప్ (తల వెనక బిగించే మూత) 57వై02, పొట్టిది 57వై04. తలకూ నాజిల్‌కూ మధ్య కూర్చునే తెల్ల ఇన్సులేటర్ 18సీజీ. ఏ కంపెనీ సరుకైనా ఇవే నంబర్లతో అడిగితే దొరుకుతుంది.

విప్పే వరస

ముందు బ్యాక్ క్యాప్ వదులు చేసి టంగ్‌స్టన్‌ను ముందు నుంచి లాగండి. క్యాప్ పూర్తిగా తీస్తే వెనక నుంచి కొలెట్ వస్తుంది. నాజిల్‌ను చేత్తో తిప్పి తీయండి. తర్వాత కొలెట్ బాడీ, చివరగా ఇన్సులేటర్. అన్నీ శుభ్రమైన తెల్లగుడ్డ మీద, తీసిన వరసలోనే పెట్టండి. బిగించేటప్పుడు దీనికి తలకిందులు వరస.

గుడ్డ తెల్లదిగా ఉండాలని ఊరికే చెప్పడం లేదు. మసి, పసుపు రంగు పొడి, రాగి ముక్కలు ఏవైనా రాలితే దాని మీద స్పష్టంగా కనబడతాయి. నాజిల్ లోపల పసుపు రంగు పొడి ఉందంటే అది టంగ్‌స్టన్ ఆక్సైడ్. టంగ్‌స్టన్ వేడిగా ఉన్నప్పుడు దానికి గాలి తగిలిందని అర్థం. అంటే లోపం గ్యాస్ దారిలో ఉందని విప్పుతుండగానే తెలిసిపోయింది.

తుడవడానికి పొడి గుడ్డ చాలు. జిడ్డు ఉంటే కొంచెం అసిటోన్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. బైక్ మెకానిక్‌లు వాడే బ్రేక్ క్లీనర్ స్ప్రేలు మాత్రం వెల్డింగ్ చేసే చోట వద్దే వద్దు. వాటిలో కొన్నింట్లో క్లోరిన్ ద్రావకాలు ఉంటాయి. ఆర్క్ వేడికి, వెలుగుకు అవి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారతాయి. ప్రాణం మీదికి వచ్చే విషయం ఇది, పక్కవాళ్లకూ చెప్పండి.

టంగ్‌స్టన్

అన్నిటికంటే త్వరగా అరిగేది, అన్నిటికంటే ఎక్కువ సంగతులు చెప్పేది ఇదే. టంగ్‌స్టన్ 3,400 డిగ్రీలు దాటితే తప్ప కరగదు. అయినా గాలి తగిలితే వేడిలో పాడైపోతుంది.

చివర రంగు చూసి రకం గుర్తుపట్టవచ్చు. ఎరుపు రెండు శాతం థోరియం, బంగారు రంగు ఒకటిన్నర శాతం లాంథనం, నీలం రెండు శాతం లాంథనం, బూడిద రంగు సీరియం, ఆకుపచ్చ స్వచ్ఛమైన టంగ్‌స్టన్. మన దగ్గర అలవాటు కొద్దీ ఎక్కువమంది ఎరుపే అడుగుతారు. థోరియం రేడియోధార్మిక పదార్థం. రాడ్ పట్టుకుంటే ఏమీ కాదు కానీ సాన పట్టినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. బంగారు రంగు, నీలం రకాలు స్టెయిన్‌లెస్‌కూ అల్యూమినియంకూ రెండింటికీ పనికొస్తాయి, పైగా వాటిలో ఆ భయం లేదు. ఎరుపు మానేసి వీటికి మారమనే నేను చెబుతాను. ఇంట్లో ఎరుపు మిగిలి ఉంటే మాస్క్ కట్టుకుని సాన పట్టి, దుమ్మును ఊదకుండా తడిగుడ్డతో తుడిచేయండి.

సాన పట్టడంలోనే చాలామంది తప్పుతారు. రాడ్‌ను రాయికి అడ్డంగా ఆనించి తిప్పితే మొన చుట్టూ వలయాల్లాగా గీతలు పడతాయి. ఆర్క్ ఆ గీతల వెంట పక్కలకు తిరుగుతుంది. రాడ్‌ను రాయి తిరిగే దిశలోనే నిలువుగా పట్టండి, గీతలు మొన వైపు సాగాలి. కార్డ్‌లెస్ డ్రిల్ ఉంటే రాడ్‌ను దానికి బిగించి నెమ్మదిగా తిప్పుతూ పట్టండి, కోణం చుట్టూ సమంగా వస్తుంది. మొన పొడవు రాడ్ మందానికి రెండు, రెండున్నర రెట్లు ఉండాలి. 2.4 రాడ్‌కు 5 నుంచి 6 మి.మీ. అన్నమాట. మరీ సూదిలా చేయకుండా చివర కొద్దిగా చదును చేయండి, లేకపోతే ఆ సూది విరిగి అతుకులో పడుతుంది.

టంగ్‌స్టన్ కోసం ఒక రాయి విడిగా పెట్టుకోండి. ఇనుము, అల్యూమినియం అరగదీసిన రాయి మీద పడితే ఆ మలినం మొనకు ఎక్కుతుంది, తర్వాత ఎంత వెతికినా కారణం దొరకదు. ఇరుకు షాపుల్లో ఒక్క బెంచ్ గ్రైండరే అందరికీ దిక్కు కాబట్టి ఇది కష్టమే. కనీసం రెండో వైపు చక్రం మీద "టంగ్‌స్టన్‌కు మాత్రమే" అని రాసి పెట్టండి.

మొన కరిగిన లోహంలో మునిగిందా? అలాగే కాసేపు కాలిస్తే శుభ్రమవుతుందని కొందరంటారు. కాదు. మలినం అంటిన మేర కోసేసి మళ్లీ సాన పట్టాలి. ప్లేయర్‌తో పుటుక్కున విరిస్తే రాడ్ నిలువునా చీలుతుంది, ఆ చీలిక కంటికి కనబడకపోవచ్చు. రాయి అంచుతో చుట్టూ గాటు పెట్టి ఆ గాటు దగ్గర విరవండి.

సైజు సంగతి కూడా. డీసీలో 1.6 రాడ్‌కు సుమారు 70 నుంచి 150 ఆంప్స్. అంతకు మించిన పనికి 2.4. రెయిలింగ్ పైపుల్లాంటి పలచని పనికి 2.4 బిగించి 40 ఆంప్స్ పెడితే ఆర్క్ మొన మీద నిలవక అటూఇటూ తిరుగుతుంది. మెషిన్ చెడిపోయిందనుకునే కేసుల్లో ఇదీ ఒకటి.

కొలెట్, కొలెట్ బాడీ

కొలెట్ అంటే చీలికలున్న చిన్న రాగి గొట్టం. బ్యాక్ క్యాప్ బిగిస్తే ఇది ముందుకు జరిగి టంగ్‌స్టన్‌ను పట్టుకుంటుంది. కరెంటు రాడ్‌లోకి పోయేది ఈ పట్టు గుండానే. వేడికి రాగి మెత్తబడుతుంది. దానికి తోడు క్యాప్‌ను బలమంతా పెట్టి బిగిస్తే కొలెట్ మెలితిరుగుతుంది. వెలుగులో పెట్టి చూడండి. చీలికలు నిటారుగా కాకుండా మెలిపడి ఉన్నా, ముందు కొస నల్లగా కాలి ఉన్నా, రాడ్ దూర్చితే ఒకచోట ఇరుక్కుని మరోచోట జారుతున్నా తీసి పారేయండి. దాన్ని సాగదీసి, సుత్తితో తట్టి వాడడం దండగ.

2.4 కొలెట్‌లో 1.6 రాడ్ పెట్టి, మధ్యలో రాగి తీగ చుట్టి నడిపించే షాపులు ఉన్నాయి. ఆ పని వద్దు. పట్టు సరిగా లేని చోట లోపలే చిన్న చిన్న ఆర్క్‌లు లేస్తాయి, కొలెట్ కాలిపోతుంది, తల వేడెక్కుతుంది, ఆర్క్ ఆరి వెలుగుతూ ఉంటుంది. సైజుకు సైజు కొలెట్, కొలెట్ బాడీ జతగా ఉంచుకోవాలి.

కొలెట్ బాడీకి పక్కన చుట్టూ చిన్న రంధ్రాలుంటాయి. గ్యాస్ బయటికి వచ్చేది వాటి గుండా. ఒకటి రెండు మూసుకుపోతే గ్యాస్ ఒక పక్కకే పోతుంది, అతుకు ఒక అంచు తెల్లగా, ఇంకో అంచు నల్లగా పడుతుంది. సన్నని తీగతో రంధ్రాలు తెరవండి, డ్రిల్‌తో పెద్దవి చేయకండి.

బిగించేటప్పుడు కొలెట్ బాడీ తలలో గట్టిగా కూర్చోవాలి. టార్చ్ పిడి వేడెక్కుతోందని వచ్చే ఫిర్యాదుల్లో నేను ముందు చూసేది ఇదే. నాజిల్ బిగుతుగా ఉంటుంది కానీ లోపల కొలెట్ బాడీ వదులుగా ఉంటుంది, నాజిల్ మాటున అది కనబడదు. వదులు జాయింట్‌లో కరెంటు పోతే అక్కడే వేడి పుడుతుంది. కొన్నాళ్లకు తలలోని మర కాలిపోతుంది, అప్పుడు మొత్తం తలే మార్చాలి.

నాజిల్, గ్యాస్ లెన్స్

నాజిల్ మీద ఉండే నంబరు అంగుళంలో 16వ వంతులు. 6 నంబరు అంటే 9.5 మి.మీ. మూతి, 8 అంటే 12.7 మి.మీ. అంచు చిట్లినా, పక్కన వెంట్రుకవాసి నెర్రె కనిపించినా మార్చేయండి. చిట్లిన చోట నుంచి గ్యాస్ వంకరగా పోతుంది. నాజిల్‌ను వేలి గోటితో తట్టి వినండి, పగులు లేనిది కంగుమంటుంది, ఉన్నది బొంగురుగా పలుకుతుంది.

మామూలు నాజిల్‌తో టంగ్‌స్టన్‌ను మూతి వెడల్పులో సగానికి మించి బయటికి పెట్టకండి. మూలల్లో, పైపు జాయింట్లలో ఇంకా చాపాల్సి వస్తే గ్యాస్ లెన్స్ పెట్టుకోండి. దాంట్లో సన్నని ఉక్కు జాలీలు ఉంటాయి, గ్యాస్ సుడులు తిరగకుండా తిన్నగా దిగుతుంది. 1.6కు 45వీ25, 2.4కు 45వీ26. దీనికి నాజిల్ వేరు (54ఎన్ వరస), ఇన్సులేటర్ కూడా వేరు (54ఎన్01). మామూలు ఇన్సులేటర్‌తో లెన్స్ బిగిస్తే సందు మిగులుతుంది, అక్కడి నుంచి గ్యాస్ పోతుంది.

జాలీకి ఒక్క చుక్క లోహం అంటుకున్నా లెన్స్ పని అయిపోయినట్టే. మన వైపు దానికి ఇంకో శత్రువు ఉంది. కొత్త ఇళ్లలో రెయిలింగ్ పని జరిగే రోజుల్లోనే కింద తాడిపత్రి బండలో, గ్రానైటో కోస్తుంటారు, పాలిష్ పడుతుంటారు. ఆ దుమ్ము మీద టార్చ్ పడేస్తే జాలీ పూడిపోతుంది. టార్చ్‌ను నేల మీద పెట్టకండి, పని ఆపినప్పుడు నాజిల్‌కు చిన్న గుడ్డ సంచి తొడిగి కొక్కేనికి తగిలించండి.

బ్యాక్ క్యాప్, రబ్బరు రింగు, ఇన్సులేటర్

టీ డబ్బులకు వచ్చే రబ్బరు రింగు రోజు పనిని ముంచుతుంది. బ్యాక్ క్యాప్ అడుగున ఉండే ఓ-రింగు వేడికి గట్టిపడి, చదునై, నెర్రెలు పడుతుంది. అప్పుడు ఆర్గాన్ వెనక నుంచి కారిపోతుంది, లోపలికి గాలి చేరుతుంది. టంగ్‌స్టన్ మసిబారుతుంది. ఎక్కడా పగులు కనబడదు కాబట్టి అందరూ సిలిండర్‌ను తిడతారు.

గోరుతో నొక్కితే రింగు మెత్తగా లోపలికి పోయి తిరిగి రావాలి. గట్టిగా ప్లాస్టిక్‌లా ఉంటే మార్చండి. ఇన్సులేటర్ కూడా అంతే. కాలి పొట్టిపోయినా, అంచు విరిగినా పనికిరాదు. ఇన్సులేటర్ అసలే లేకుండా నాజిల్ బిగించిన టార్చ్‌లు కూడా కనిపిస్తాయి, విప్పినప్పుడు ఎక్కడో జారిపోయి ఉంటుంది. క్యాప్‌కు పగులుంటే టేప్ చుట్టి వాడకండి, హెచ్‌ఎఫ్ ఆ పగులు గుండానే మీ చేతికి దూకుతుంది.

లీకు పట్టడం

గ్యాస్ దారిని రెండు భాగాలుగా విడదీసి చూడండి.

మొదటి భాగం సిలిండర్ నుంచి మెషిన్ దాకా. సిలిండర్ వాల్వ్ తెరిచి, ప్రెజర్ ముల్లు ఎక్కడుందో గుర్తుపెట్టి, వాల్వ్ మూసేయండి. మెషిన్ ట్రిగ్గర్ ముట్టకండి. పది, పదిహేను నిమిషాల తర్వాత ముల్లు దిగి ఉంటే రెగ్యులేటర్, హోస్, క్లిప్పుల్లో ఎక్కడో లీకుంది. సబ్బు నీళ్లు పూస్తే బుడగలు వస్తాయి. మిద్దె మీద ఎండలో పడి ఉండే హోస్‌లు గట్టిపడి క్లిప్ దగ్గర చీలుతాయి, అక్కడ ముందు చూడండి.

రెండో భాగం మెషిన్ నుంచి నాజిల్ దాకా. గ్యాస్ చెక్ బటన్ ఉంటే అది నొక్కి, నాజిల్ మూతిని రబ్బరు ముక్కతో గట్టిగా మూయండి. ఫ్లోమీటర్‌లో గుండు సున్నాకు పడిపోవాలి. ఇంకా తేలుతూనే ఉంటే గ్యాస్ వేరే దారిన పోతోంది. బటన్ లేని మెషిన్ అయితే పోస్ట్-ఫ్లోను (ఆర్క్ ఆరాక గ్యాస్ వచ్చే సమయం) గరిష్ఠంగా పెట్టి, టార్చ్‌ను లోహానికీ ఒంటికీ దూరంగా పట్టుకుని ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కి వదిలేయండి. హెచ్‌ఎఫ్ ఆగిపోయాక గ్యాస్ ఒక్కటే వస్తుంటుంది, ఆ వ్యవధిలో మూసి చూడండి. తలలో వాల్వ్ ఉండే టార్చ్‌లకు ఈ బాధ లేదు, మెషిన్ ఆఫ్ చేసి వాల్వ్ తిప్పితే చాలు.

గుండు పడకపోతే ఒక్కొక్కటే మార్చుతూ పోండి: ఓ-రింగు, ఇన్సులేటర్, నాజిల్, చివరగా కేబుల్‌లోని హోస్. ఒకేసారి అన్నీ మార్చితే పని నడుస్తుంది కానీ చెడిపోయింది ఏదో తెలియదు. మంచి భాగాలు చెత్తలోకి పోతాయి, చెడ్డది మళ్లీ పెట్టెలోకి చేరుతుంది.

మొన, అతుకు చెప్పేది చదవడం

శుభ్రంగా గీసిన ఎస్‌ఎస్ ముక్క తీసుకుని, గది తలుపు మూసి, మూడు నాలుగు సెకన్లు ఒకేచోట ఆర్క్ నిలపండి. ఆపాక టార్చ్ కదపకుండా పోస్ట్-ఫ్లో అయ్యేదాకా ఆగండి. చుక్క వెండిలా, లేత గడ్డి రంగులో మెరిస్తే గ్యాస్ దారి బాగున్నట్టే. బూడిద రంగులో, నల్లగా ఉంటే లోపం టార్చ్‌లోనో, గ్యాస్‌లోనో ఉంది. లోపల బాగా వచ్చి బయట సైటులో నల్లబడితే అది గాలి పని, టార్చ్‌ను విప్పకండి.

టంగ్‌స్టన్ మొన మెరుస్తూ ఉంటే అంతా సవ్యం. నీలం, ఊదా రంగు తిరిగితే పోస్ట్-ఫ్లో చాలలేదు. 10 ఆంప్స్‌కు ఒక సెకను లెక్కన పెట్టండి, 100 ఆంప్స్‌కు 10 సెకన్లు. తక్కువ ఆంప్స్ అయినా ఆరేడు సెకన్లకు తగ్గించకండి. గ్యాస్ మిగులుతుందని పోస్ట్-ఫ్లో తగ్గించేవాళ్లున్నారు. టంగ్‌స్టన్ మళ్లీ మళ్లీ సాన పట్టడంలో పోయే సమయం, రాడ్ ఆ గ్యాస్ కంటే ఖరీదు. ఆర్క్ ఆరగానే టార్చ్ లాగేసే అలవాటు ఉన్నా ఇదే ఫలితం, సెట్టింగ్ సరిగా ఉన్నా లాభం లేదు.

మొన నుంచి లోపల దాకా నల్లగా, గరుకుగా ఉంటే గ్యాస్ అందడం లేదు లేదా గాలి కలుస్తోంది. పైన చెప్పిన లీకు పరీక్షలకు పోండి. మొన డీసీలో గుండులా కరిగిపోతే టార్చ్ ప్లస్‌లో ఉందేమో చూడండి. డీసీలో టార్చ్ మైనస్‌లోనే ఉండాలి, అప్పుడు వేడిలో ఎక్కువ భాగం జాబ్‌కు (అతికించే లోహానికి) పోతుంది. ఆర్క్ వెల్డింగ్ రాడ్డు పని చేసి కేబుళ్లు మార్చడం మరిచిపోయినప్పుడు ఇది జరుగుతుంది. కేబుళ్లు సరిగానే ఉంటే రాడ్‌కు మించిన ఆంప్స్ పెట్టారు.

సూది రంధ్రాలు ఎక్కడ పడ్డాయో చూడండి. అతుకు మొదట్లోనే ఉంటే ప్రీ-ఫ్లో (ఆర్క్‌కు ముందు గ్యాస్ వచ్చే సమయం) తక్కువ, లేదా రాత్రంతా హోస్‌లో నిలిచిన గాలి. పొద్దున మొదటి అతుకుకు ముందు కొన్ని సెకన్లు ఊరికే గ్యాస్ వదలండి. చివరి గుంటలోనే ఉంటే కరెంటు ఒక్కసారిగా ఆగుతోంది, డౌన్-స్లోప్ (కరెంటు నెమ్మదిగా తగ్గే సమయం) పెంచండి, టార్చ్ అక్కడే నిలపండి. పొడవునా ఉంటే లీకు, గాలి, లేదా తుడవని జాబ్. నిజంగా గ్యాసే చెడ్డదని ఇవన్నీ చూశాక అనండి.

ఆర్క్ అందుకోకపోతే ముందు ఎర్త్ క్లాంప్ చూడండి, పెయింట్ మీద, తుప్పు మీద పట్టించి ఉండవచ్చు. తర్వాత మొన, తర్వాత కొలెట్ పట్టు. హెచ్‌ఎఫ్ స్పార్క్ మొన దగ్గర కాకుండా నాజిల్ పక్కన, తల వెనక కనబడితే ఇన్సులేటర్, క్యాప్, తల పైనున్న రబ్బరు తొడుగు చూడండి. తల తొడుగే నెర్రెలు పడితే తల మార్చడం ఒక్కటే దారి.

మన గాలి

రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. ఆషాఢం గాలి మొదలైతే మిద్దె మీద రెయిలింగ్ పని చేసేవాడికి నరకం. అప్పుడు అందరూ చేసే పని ఫ్లో పెంచడం. నిమిషానికి 8, 10 లీటర్ల నుంచి 15, 20కి తిప్పేస్తారు. చిన్న నాజిల్‌లో అంత గ్యాస్ తోస్తే అది సుడులు తిరిగి చుట్టూ ఉన్న గాలిని తనలోకి లాక్కుంటుంది, అతుకు ఇంకా చెడుతుంది. ఖర్చు కూడా చూడండి. 7 ఘనపు మీటర్ల సిలిండర్ అంటే సుమారు 7,000 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లయితే 700 నిమిషాలు, 20 అయితే 350.

ఫ్లో పెంచే బదులు గాలికి అడ్డం పెట్టండి. టార్పాలిన్, ప్లైవుడ్ ముక్క, అదీ లేకపోతే గాలి వచ్చే వైపు మీ ఒళ్లే. 8 నంబరు నాజిల్, గ్యాస్ లెన్స్ పెట్టి, టంగ్‌స్టన్‌ను కొంచెం లోపలికి తీసుకోండి. రెయిలింగ్ జాయింట్లు వీలైనన్ని కిందే, గదిలోనే టాకా వేసి అతికించి, మిద్దె మీద చేయాల్సిన అతుకులు తగ్గించండి. గట్టిగా గాలి వీచే మధ్యాహ్నాల్లో పాలిష్, కటింగ్ పని పెట్టుకుని, అతుకులు తెల్లవారుజామున వేసేవాళ్లు తెలివైనవాళ్లు.

తలుపులు మూసి చేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఆర్గాన్ గాలి కంటే బరువు, వాసన లేదు. నీళ్ల ట్యాంకు లోపల, సంప్‌లో పని చేస్తే అడుగున నిలిచి ఆక్సిజన్‌ను తోసేస్తుంది. అలాంటి చోట ఒంటరిగా దిగకండి, పైన మనిషి ఉండాలి, ఫ్యాన్‌తో గాలి ఆడాలి.

సైటు పెట్టెలో ఉండాల్సినవి

1.6, 2.4 కొలెట్లు రెండేసి, కొలెట్ బాడీలు ఒక్కొక్కటి, 6, 7, 8 నంబరు నాజిళ్లు, ఓ-రింగులు నాలుగైదు, ఇన్సులేటర్లు రెండు, పొట్టి క్యాప్ ఒకటి, ముందే సాన పట్టి పెట్టుకున్న టంగ్‌స్టన్‌లు అరడజను. సాన పట్టిన మొనలు ఒకదానికొకటి తగలకుండా ఖాళీ ఫిల్లర్ రాడ్ గొట్టంలో పెట్టండి. కల్యాణదుర్గం అవతల పల్లెలో పని పెట్టుకుని ఓ-రింగు కోసం అనంతపురం దాకా రావడం కంటే ఇవి సంచిలో మోయడం నయం.

కొత్త భాగం కొన్నప్పుడు కౌంటర్ దగ్గరే బిగించి చూడండి. కొలెట్‌లో రాడ్ చేత్తో నెట్టితే జారాలి, క్యాప్ సగం చుట్టు బిగించగానే నిలవాలి. కొలెట్ బాడీ మర చేత్తోనే చివరిదాకా దిగాలి. మధ్యలో పట్టేస్తే మర సరిగా కోయలేదు, బలవంతంగా తిప్పితే పాడయ్యేది మీ టార్చ్ తలలోని మర. ఆ ముక్క అక్కడే తిరిగిచ్చి ఇంకోటి అడగండి.